డైరీ అప్పగించి కూర్చున్న పది రోజులు

ఆడిట్ శాఖలో 27 ఏళ్లుగా పనిచేస్తున్న నాకు ఇతరుల లెక్కలు సరిచూడడం ఎంత అలవాటో, రాత్రి పడుకునే ముందు నా నడవడికను నేను సరిచూసుకుని డైరీలో రాసుకోవడం కూడా అంత అలవాటు. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టిన ఆ డైరీలు ఇప్పుడు 22 అయ్యాయి. ఎవరిని ఏమన్నాను, ఎవరు నన్ను ఏమన్నారు, ఎక్కడ నోరు జారాను, ఎక్కడ ఓర్చుకున్నాను అన్నవన్నీ వాటిలో తేదీలతో సహా ఉన్నాయి. ఆత్మ పరిశీలన అంటే ఇదేనని, అది నేను చాలామంది కంటే శ్రద్ధగా చేస్తున్నానని నాకు లోలోపల కొంత గర్వం కూడా ఉండేది. కిందటి ఏడాది సంక్రాంతి వెళ్లాక పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లినప్పుడు, నమోదు బల్ల దగ్గర కూర్చున్న సేవకుడు నా ఫోనుతో పాటు ఆ ఏటి డైరీని, కలాన్ని కూడా అడిగి తీసుకుని, ఒక గుడ్డ సంచిలో వేసి, పేరు రాసిన చీటీ కట్టి బీరువాలో పెట్టాడు. ఫోను ఇచ్చేటప్పుడు కలగని బెంగ డైరీ ఇచ్చేటప్పుడు కలిగింది. ఆ బెంగ ఎందుకో నాకు మూడో రోజుకు గాని తెలియలేదు. ఈ సమీక్ష చాలావరకు ఆ సంగతి గురించే.

ముందుగా ఈ శిబిరం ఏమిటో చెప్పాలి. సత్యనారాయణ గోయెంకా గారు నేర్పిన పద్ధతిలో ప్రపంచమంతటా ఒకే తీరున నడిచే పది రోజుల నివాస శిక్షణ ఇది. మన దగ్గర హైదరాబాదు వనస్థలిపురం వైపు ధమ్మ ఖేత్త, నాగార్జునసాగర్ హిల్ కాలనీలో ధమ్మ నాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ వంటి కేంద్రాలు ఉన్నాయి. నేను వెళ్లిన కేంద్రం పేరు రాయడం లేదు. కాలపట్టిక, నియమాలు, ఉపదేశాలు అన్నిచోట్లా ఒకటే కనుక పాఠకులకు దానివల్ల నష్టం లేదు. పరుపు పలచగా ఉందనో, స్నానానికి వేడినీళ్లు చాలలేదనో నేను రాయబోయే మాటలు ఒక్క కేంద్రానికి మచ్చ కావడం కూడా నాకు ఇష్టం లేదు.

గోయెంకా గారు 1924లో బర్మాలోని మాండలేలో, అక్కడ స్థిరపడిన మార్వాడీ కుటుంబంలో పుట్టారు. యువకుడిగా ఉన్నప్పుడే పెద్ద వ్యాపారి అయ్యారు. తీవ్రమైన పార్శ్వపు నొప్పితో బాధపడుతూ, దానికి ఎక్కించే మార్ఫిన్‌కు ఎక్కడ అలవాటు పడిపోతానో అన్న భయంతో 1955లో రంగూనులోని ఊ బా ఖిన్ గారి దగ్గరకు వెళ్లారు. తలనొప్పి తగ్గించుకోవడం కోసమే అయితే రావద్దని గురువు మొదట నిరాకరించారని గోయెంకా గారే తన ఉపన్యాసాలలో చెప్పుకున్నారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ గురువుగారి ఉద్యోగం. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, భిక్షువు కాదు. 1948లో స్వతంత్రమైన బర్మాకు ఆయన అకౌంటెంట్ జనరల్. తన కార్యాలయంలోనే ఒక గది కేటాయించి సిబ్బందికి ధ్యానం నేర్పిన మనిషి. బిల్లుల కట్టల మధ్య బతికిన వ్యక్తి నేర్పిన విద్య అని తెలిసినప్పుడు, మా శాఖ వాళ్లకు ఇందులో ఏదో పనికొచ్చేది ఉండి ఉంటుందన్న నమ్మకం కలిగిందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. గోయెంకా గారు 1969లో భారతదేశానికి వచ్చి, ఆ ఏడాదే ముంబయిలో మొదటి శిబిరం నడిపారు. మహారాష్ట్ర ఇగత్‌పురిలోని ప్రధాన కేంద్రం ధమ్మగిరి 1976 నాటిది. ఆయన 2013లో కన్నుమూశారు. ఇప్పటికీ శిబిరంలో సూచనలు చెప్పేది రికార్డు చేసిన ఆయన గొంతే. ఎదురుగా కూర్చునే సహాయ ఆచార్యులు ఆ రికార్డింగులు వినిపిస్తారు, విద్యార్థుల సందేహాలు తీరుస్తారు. సొంతంగా ఉపన్యాసాలు ఇవ్వరు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. ఆ ఫారం నన్ను ఆశ్చర్యపరిచింది. పేరు, వయసు దాటాక అది అడిగే ప్రశ్నలు చాలావరకు ఆరోగ్యం గురించి, ముఖ్యంగా మానసిక ఆరోగ్యం గురించి: కుంగుబాటు, ఆందోళన వంటివి ఎప్పుడైనా ఉన్నాయా, మందులు వాడుతున్నారా, మద్యం, మత్తు పదార్థాల అలవాటు ఉందా, ఇంతకుముందు వేరే సాధనలు చేశారా. వీటికి నిజం రాయమని పాఠకులను చేతులెత్తి వేడుకుంటున్నాను. సీటు పోతుందేమోనని దాచిపెట్టడం ఎంత ప్రమాదకరమో లోపలికి వెళ్లాక అర్థమవుతుంది. రోజుకు పది గంటలకు పైగా కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం, మానసిక వైద్యుని చికిత్సలో ఉన్నవారి విషయంలో చిన్న సంగతి కాదు. అటువంటివారు ముందు తమ వైద్యుడిని అడగాలి, తరువాత కేంద్రం వారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇది వైద్యానికి బదులు కాదని నిర్వాహకులే స్పష్టంగా రాస్తారు.

పది రోజులు అంటారు గాని, సెలవు 12 రోజులకు పెట్టుకోవాలి. మొదటి సాయంత్రం చేరాలి, పదకొండో రోజు ఉదయం బయటపడాలి. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. 4.30 నుంచి 6.30 దాకా ధ్యానం, తరువాత ఫలహారం. 8 నుంచి 9 దాకా అందరూ హాలులో కలిసి కూర్చోవాలి, ఆ తరువాత 11 వరకు ఆచార్యుల సూచనను బట్టి హాలులో గాని గదిలో గాని సాధన. 11 గంటలకు భోజనం. మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు మళ్లీ ధ్యానమే, అందులో 2.30 నుంచి 3.30 దాకా సామూహికం. 5 గంటలకు టీ, సాయంత్రం 6 నుంచి 7 వరకు మరో సామూహిక ధ్యానం, ఆ తరువాత గంటకు పైగా గోయెంకా గారి ఉపన్యాసం, మరికొంతసేపు ధ్యానం, 9.30కి దీపాలు ఆర్పడం. తొలిరోజు రాత్రి నుంచి పదో రోజు ఉదయం వరకు ఆర్య మౌనం పాటించాలి. అంటే మాట ఒక్కటే కాదు, సైగ, చూపు, చీటీ ఏవీ కూడదు. ఆచార్యులతోనూ, అవసరమైతే సేవకులతోనూ మాత్రం మాట్లాడవచ్చు. చదవడం, రాయడం పూర్తిగా నిషేధం. జపమాల, మంత్రజపం, పూజ, ఉపవాసం కూడా ఆ పది రోజులకు పక్కన పెట్టమంటారు. రోజూ దీపం పెట్టందే మంచినీళ్లు ముట్టని వాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉంటారు. వాళ్లు ఈ షరతును ఇంటి దగ్గరే బాగా ఆలోచించుకుని బయలుదేరడం మేలు. నా పక్క గదిలో దిగిన పెద్దాయన ఈ కారణంగానే రెండో రోజు సంచి సర్దుకున్నారని పదో రోజు మౌనం వీడాక మిగిలినవారు చెప్పుకున్నారు.

వసతి గురించి ఎక్కువ చెప్పను. ఒక మంచం, పలచని పరుపు, దోమతెర, ఇద్దరికి ఒక స్నానాల గది. భోజనం శాకాహారం. ఇడ్లీయో ఉప్మాయో పొద్దున, మధ్యాహ్నం అన్నం, చపాతీ, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ. కారం తక్కువ. మూడో రోజున ఆవకాయ కలలోకి వచ్చింది. సాయంత్రం కొత్తవారికి మరమరాలు, ఒక పండు, టీయో పాలో ఇస్తారు. ఇంతకుముందు శిబిరం చేసినవారికి నిమ్మరసం కలిపిన నీళ్లు మాత్రమే. రాత్రి భోజనం లేకపోవడం నాకు రెండు రోజులు కష్టమనిపించి, తరువాత ఆ ఊసే మరిచిపోయాను.

ఇక అసలు విషయం. మొదటి మూడు రోజులూ, నాలుగో రోజు మధ్యాహ్నం వరకూ నేర్పేది ఆనాపాన మాత్రమే. ముక్కుపుటాల దగ్గర, పైపెదవికి పైన ఉన్న చిన్న చోటులో శ్వాస వస్తున్నదీ పోతున్నదీ గమనించడం, అంతే. శ్వాసను బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు, దానికి ఏ నామమూ జోడించకూడదు. విన్నప్పుడు ఇంత సులువైన పని మరొకటి ఉండదనిపిస్తుంది. కూర్చున్నాక పది శ్వాసలు వరుసగా చూడలేని మనిషినని తెలిసి సిగ్గేసింది. రెండో రోజంతా నేను చేసిన పని నిజానికి ధ్యానం కాదు. డైరీ రాయడం. కలం లేదు, కాగితం లేదు, అయినా మనసులో వాక్యాలు ఒకదాని వెంట ఒకటి సిద్ధమవుతూనే ఉన్నాయి. ఈ అనుభవాన్ని ఇలా రాయాలి, ఆ పోలిక బాగుంటుంది, ఈ మాట మరిచిపోకుండా చూసుకోవాలి అని లోపల ఒక గుమస్తా తీరిక లేకుండా పనిచేస్తున్నాడు. రాత్రికి రాసుకోవచ్చులే అని ఇంట్లో అయితే సర్దిచెప్పేవాడిని. ఇక్కడ రాత్రికి రాసుకునేది లేదు. కాబట్టి ఆ వాక్యాలను ఎక్కడ దాచాలో తెలియక, వాటినే తిప్పి తిప్పి వింటూ కూర్చున్నాను.

అలా వినడమే నాకు మేలు చేసింది. ఇంట్లో ఒక వాక్యం రాసేస్తే అది కాగితం మీదికి పోయి మనసు ఖాళీ అయ్యేది, మళ్లీ దాన్ని పరీక్షించే అవసరం ఉండేది కాదు. ఇక్కడ ఒకే వాక్యం యాభై సార్లు వినబడేసరికి దాని గొంతు ఎలాంటిదో పట్టుబడింది. ఆ వాక్యాలన్నీ ఎవరికో చెబుతున్నట్టుగా ఉన్నాయి. ఎవరో ఒక న్యాయమూర్తి ఎదుట నిలబడి, వినయంగా, పొందికగా, ఎదుటివాడి తప్పు పూర్తిగా బయటపడేటట్టుగా, నా తప్పును కూడా కాస్త ఒప్పుకుంటున్నట్టుగా చెబుతున్న వాంగ్మూలం అది. మూడో రోజు మధ్యాహ్నం, రెండున్నరకు మొదలయ్యే బైఠక్‌లో, నా 22 డైరీల మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. వాటిలో నేను ఒప్పుకున్న తప్పులు సైతం నన్ను మంచివాడిగా చూపించే తప్పులే. కఠినంగా మాట్లాడాను అని రాసిన ప్రతిచోటా, నిజాయితీ వల్ల కఠినంగా మాట్లాడాను అన్న అర్థం పక్కనే ఉంది. ఏ లెక్కల పుస్తకంలోనైనా పొరపాట్లన్నీ ఒకరికే లాభంగా తేలితే మా శాఖలో దాన్ని పొరపాటు అనరు.

నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన నేర్పుతారు. తల నుంచి పాదాల దాకా శరీరంలోని ప్రతి భాగం మీదుగా మనసును నడిపిస్తూ, అక్కడ కలిగే సంవేదనలను, అది వేడి కావచ్చు, చల్లదనం, దురద, నొప్పి, తిమ్మిరి, ఏదైనా కావచ్చు, ఉన్నదాన్ని ఉన్నట్టుగా గమనించాలి. బాగున్నదాన్ని పట్టుకోకూడదు, బాగులేనిదాన్ని తోసేయకూడదు. దీన్నే వారు సమత అంటారు. వచ్చిన ప్రతి సంవేదనా పోయేదే అన్న గుర్తింపుకు వారు వాడే పాళీ మాట అనిచ్చ. అంతకంటే పెద్ద సిద్ధాంతం ఆ సమయానికి అవసరం లేదు. ఆ తరువాత రోజు నుంచి సామూహిక ధ్యానాలలో అధిష్ఠానం ఉంటుంది. గంటసేపు కళ్లు తెరవకుండా, చేతులు, కాళ్లు కదపకుండా కూర్చోవాలన్న నిశ్చయం అది. నాది 52 ఏళ్ల మోకాలు. మొదటి అధిష్ఠానంలో ముప్పావుగంట గడిచేసరికి ఎడమ మోకాలు నిప్పు పెట్టినట్టయింది. మోకాళ్ల జబ్బు ఉన్నవారు ముందే చెబితే కుర్చీ ఇస్తారు, అడగడానికి సంకోచించనక్కరలేదు. నేను పట్టుదలకు పోయి అడగలేదు. ఆ నొప్పిలో నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి ఉంది. మోకాలిలో ఉన్నది మంట మాత్రమే. ఇంకా ఎంతసేపు, గంట ఎందుకు మోగదు, ఈ వయసులో నాకెందుకీ శిక్ష అన్నవన్నీ మోకాలిలో లేవు. వాటిని విడదీసి చూసిన కొద్ది క్షణాలు మంట మంటగానే ఉండి, ఆశ్చర్యంగా, భరించదగినదిగా మారింది. తరువాతి క్షణంలో మళ్లీ భరించరానిదయింది. ఎప్పటికీ నిలిచే విజయం కాదది.

ఆరో రోజు ఉదయం జరిగింది ఈ సమీక్ష రాయడానికి కారణం. మా ఊళ్లో నాన్నగారి తదనంతరం మిగిలిన మామిడితోట పంపకం విషయంలో నాకూ మా తమ్ముడికీ తొమ్మిదేళ్లుగా మాటలు సరిగా లేవు. గట్టు ఎక్కడ వేయాలన్న దానిమీద మొదలైన గొడవ అది. నా డైరీలలో ఆ తోటకు పోయిన పేజీలతో ఒక పుస్తకమే వేయవచ్చు. ఆ రోజు భుజాల దగ్గర నుంచి మెడ మీదుగా మనసును నడిపిస్తున్నప్పుడు, చెవుల వెనుక ఒక్కసారిగా వేడి పుట్టింది, పొట్ట కింద ఏదో బిగుసుకుంది. అది గమనించిన ఒకటి రెండు క్షణాలకు గాని తమ్ముడి ముఖం గుర్తుకు రాలేదు. ముఖం వచ్చాక మాట వచ్చింది. మాట వెంట వాడు 2016లో అన్న ఫలానా మాట, దాని వెంట వాడు చేసిన ఫలానా పని, వరుసగా సాక్ష్యాలన్నీ వచ్చి నిలబడ్డాయి.

అంతవరకు నేను దాన్ని తలకిందులుగా అనుకున్నాను. తమ్ముడు చేసిన అన్యాయం గుర్తుకొస్తుంది, అది తలచుకున్నందువల్ల కోపం వస్తుంది అని నా లెక్క. ఆ ఉదయం చూసిన వరుస వేరు. శరీరంలో సెగ ముందు రగిలింది, దానికి తగిన కారణాలను మనసు పాత దస్త్రాలలోంచి తరువాత వెతికి తెచ్చింది. ఖర్చు ముందు పెట్టేసి బిల్లులు తరువాత పుట్టించే కార్యాలయాలను ఎన్నిటినో పట్టుకున్న నేను, నా లోపలే నడుస్తున్న అటువంటి కార్యాలయాన్ని తొమ్మిదేళ్లపాటు ధ్రువీకరించి సంతకం పెడుతూ వచ్చాను. అన్ని డైరీలలో ఆ చెవుల వెనుక వేడి గురించి ఒక్క వాక్యం లేదు. రాత్రి పదింటికి కలం పట్టుకునే వేళకు ఆ సెగ చల్లారి, సాక్ష్యాలు మాత్రమే మిగిలేవి. మిగిలినవాటినే రాసుకున్నాను. తోట విషయంలో నా వాదన తప్పని దీని అర్థం కాదు. వాదన ఒప్పో తప్పో కొలతలు తేల్చాలి. కోపం మాత్రం ఆ వాదన నుంచి పుట్టలేదని తేలింది.

ఈ ఒక్క గమనింపు కోసం 12 రోజుల ఎర్న్‌డ్ లీవ్ ఖర్చు పెట్టవచ్చా అని అడిగితే, నా వరకు పెట్టవచ్చు. ఆలోచన ద్వారా చేసుకునే పరిశీలన చెడ్డదని నేను అనను. అది లేకపోతే ఆ ఉదయం చూసిన దాని అర్థం కూడా తెలిసేది కాదు. అయితే ఆలోచించేవాడే నేరస్థుడూ, వకీలూ, న్యాయమూర్తీ అయినప్పుడు తీర్పు ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. రాయడాన్ని నిషేధించడం ఈ శిబిరంలోని నియమాలన్నిటిలోకీ నాకు అత్యంత కష్టమైనది, అత్యంత లాభించినది కూడా. మౌనం గురించి వెళ్లివచ్చిన వాళ్లందరూ చెబుతారు. కలం గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఇక సిద్ధాంతం. సాయంత్రపు ఉపన్యాసాలు కథలతో, చమత్కారాలతో బాగా నడుస్తాయి. మా శిబిరంలో తెలుగు అనువాదం వినే ఏర్పాటు ఉంది. అనువాదం చదివిన గొంతు కొంత పొడిగా ఉన్నా, పగలంతా పడ్డ ఇబ్బందినే రాత్రి ఎవరో వివరిస్తున్నట్టు అనిపించేది. అయితే సమతతో కూర్చున్న కొద్దీ పాత సంస్కారాలు, అంటే మనసులో పడ్డ ముద్రలు, ఒక్కొక్క పొరగా పైకి వచ్చి కరిగిపోతాయని చెప్పే భాగం దగ్గర నేను ఆగిపోయాను. జన్మజన్మల నుంచి పోగుపడ్డ ఖాతా ఇలా చెల్లిపోతుందనే ఆ పద్దుకు నాకు వోచరు దొరకలేదు. నమ్మినవారిని కాదనను, నేను దాన్ని, లెక్క తేలని పద్దులు పెట్టే సస్పెన్స్ ఖాతాలో ఉంచాను. అలాగే ఇది ఏ మతానికీ సంబంధించినది కాదని ఎంత చెప్పినా, మొదటి రాత్రి పాళీలో బుద్ధ, ధర్మ, సంఘ శరణాలతో మొదలై, రోజూ తెల్లవారుజామున పాళీ సుత్తాల, అంటే బుద్ధుని ఉపదేశాల, పఠనంతో సాగే శిబిరం బౌద్ధపు వాసన లేకుండా ఉండదు. శరణం అంటే ఆ వ్యక్తికి కాదు, ఆ గుణాలకు అన్న వివరణ నాకు సరిపోయింది. అందరికీ సరిపోకపోవచ్చు. శ్వాసను, సంవేదనను చూడడానికి మాత్రం ఏ నమ్మకమూ అక్కరలేదన్నది నిజం. 1975లోనే జయపూర్ కేంద్ర కారాగారంలో, తరువాత 1994లో తీహార్‌లో వెయ్యి మందికి పైగా ఖైదీలకు శిబిరాలు జరిగాయంటే, అందులో అన్ని మతాలవారూ ఉండే ఉంటారు కదా.

డబ్బు సంగతి ఆడిటర్ రాయకపోతే ఎవరు రాస్తారు? భోజనం, వసతి, బోధన దేనికీ రుసుము లేదు. పది రోజులు పూర్తి చేసినవారి దగ్గర మాత్రమే, వారు ఇష్టపడి ఇస్తేనే, విరాళం తీసుకుంటారు. పూర్తి చేయనివారు ఇస్తామన్నా తీసుకోరు. అంటే మనం తిన్నది ముందు కూర్చున్న ఎవరో కట్టినది, మనం ఇచ్చేది తరువాత రాబోయే ఎవరికో. ఆచార్యులకు జీతం లేదు, వంట దగ్గర నుంచి గంట మోగించడం దాకా చాలా పని చేసేది పాత విద్యార్థులైన సేవకులే. ఇంత ఇవ్వండని ఎవరూ అనలేదు, సూచనగానైనా చెప్పలేదు. పదో రోజు బల్ల దగ్గర నాకు ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి పావుగంట పట్టింది. ధర రాసి ఉంటే రెండు నిమిషాల పని. ధర రాసి లేని వస్తువు ముందు నిలబడితే మనిషి తనను తాను ఎంతకు కడతాడో తెలుస్తుందని అప్పుడు అనిపించింది.

లోపాలు లేకపోలేదు. ఆచార్యులతో మాట్లాడే సమయం మధ్యాహ్నం గంట, రాత్రి అరగంట. హాలు నిండా జనం ఉంటే ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఆరో రోజు సంగతి నేను చెబితే, మంచిది, సంవేదనను మాత్రమే చూడండి, కథలోకి వెళ్లకండి అన్నారు. పద్ధతి ప్రకారం సరైన సమాధానమే. కానీ మనసులో పెద్ద కదలిక వచ్చిన మనిషికి, ముఖ్యంగా తెచ్చుకున్న దుఃఖం లోతైనది అయితే, అంత తక్కువ మాట చాలకపోవచ్చు. ఇటీవలే ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవారు, విడాకుల నడుమ ఉన్నవారు, ఈ శిబిరాన్ని మందు అనుకుని పరుగెత్తవద్దని నా సలహా. కొంచెం నిలదొక్కుకున్నాక వెళ్లడం మంచిది. రెండో లోపం, పదో రోజు. అందరి మేలూ కోరే మంగళ మైత్రి ధ్యానం నేర్పాక మౌనం వీడుతుంది. తొమ్మిది రోజుల నిశ్శబ్దం తరువాత వంద గొంతులు ఒక్కసారి లేచేసరికి నాకు తల తిరిగింది. సాయంత్రానికల్లా ఒకరి అనుభవాన్ని మరొకరి అనుభవంతో పోల్చుకోవడం మొదలైంది. నాకు ఒంటినిండా ప్రవాహంలా వచ్చింది, మీకు రాలేదా అని ఒకాయన అడిగితే, రాలేదండీ, మోకాలి నొప్పి మాత్రం వచ్చింది అన్నాను.

ఇంటికి వచ్చాక ఏం మిగిలింది? ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమని వారు చెప్పి పంపుతారు. ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషికి అది తేలిక కాదు. నేను రెండు నెలలు నిష్ఠగా కూర్చున్నాను. ఆ తరువాత మార్చి నెలాఖరు పనుల అలసటతో సాయంత్రం జారిపోయింది, ఉదయం నలభై నిమిషాలకు వచ్చింది. సాధన తగ్గిన కొద్దీ ఆ సెగను ముందుగా పసిగట్టే శక్తి కూడా తగ్గుతున్న మాట నిజం. మొద్దుబారిన కత్తిలాగే ఇదీను. ఉగాది రోజున తమ్ముడు ఫోను చేసి, మామిడి కాపును ఆ ఏడాది గుత్తకు ఇస్తున్నానని చెప్పాడు. నన్ను అడిగి ఇవ్వాల్సిన విషయం అది. చెవుల వెనుక వేడి పుట్టింది. ఈసారి అది పుట్టడం కనబడింది. ఏమీ అనకుండా ఉండిపోయాను. కాసేపటికి వాడే, అన్నయ్యా, లైన్లో ఉన్నావా అన్నాడు. ఉన్నానురా, చెప్పు అన్నాను. గట్టు సంగతి ఇప్పటికీ తేలలేదు, సర్వేయరును పిలిపించాలి. కానీ ఆ రోజు ఫోను పెట్టేశాక రాత్రి డైరీలో రాయడానికి వాంగ్మూలం ఏదీ తయారుగా లేదు.

కోపం తగ్గిందా అని మా ఆవిడను అడిగాను. తగ్గలేదండీ, ఆలస్యంగా వస్తోంది, ఆలోగా నేను వంటింట్లోకి వెళ్లిపోతున్నాను అంది. ఈ శిబిరానికి ఇంతకంటే నిష్పాక్షికమైన ధ్రువపత్రం నేను సంపాదించలేను.

డైరీ మానలేదు. ఇప్పుడు 23వది నడుస్తోంది. పేజీ నిండేది ఇదివరకు, ఇప్పుడు నాలుగు పంక్తులు దాటడం లేదు. మధ్యాహ్నం 3 గంటలు, బిల్లు వెనక్కి పంపిన విషయమై మాట, చెవులు వేడెక్కాయి, రెండు నిమిషాలకు తగ్గింది, తరువాత చెప్పాను. ఈ తీరున ఉంటున్నాయి పద్దులు. చదవడానికి ఏ రుచీ ఉండదు.

వచ్చే జనవరి శిబిరానికి మళ్లీ దరఖాస్తు పెట్టాను. పాత విద్యార్థుల ఫారంలో, గత శిబిరం తరువాత రోజువారీ సాధన ఎలా సాగింది అని ఒక ప్రశ్న ఉంది. ఉద్యోగ బాధ్యతల రీత్యా అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాసి, చదువుకుని, కొట్టేసి, ఉదయం నలభై నిమిషాలు, సాయంత్రం లేదు అని నింపి పంపాను.